ఎవరి వెర్షన్ ఉండాలి?

రెండు ప్యాకేజీలు ఉన్నాయనుకుందాం. ఒకటి గ్రాఫులు గీస్తుంది. ఇంకొకటి ఫారాల్లో నింపిన తేదీలు సరిచూస్తుంది. రెండూ మనం కోరి తెచ్చుకున్నవే. ఆ రెండింటికీ లోపల ఎక్కడో మూడో ప్యాకేజీ ఒకటి అవసరం. గ్రాఫులది ఆ మూడోదాని ఒకటో వెర్షన్‌తోనే పనిచేస్తానంటుంది, తేదీలది రెండో వెర్షన్ లేకపోతే కదలనంటుంది. మనం ఆ మూడోదాన్ని ఎప్పుడూ అడగలేదు, దాని పేరు కూడా వినలేదు. అయినా టెర్మినల్‌లో ఎర్రక్షరాలు వచ్చి కూర్చున్నాక తీర్పు చెప్పాల్సింది మనమే.

జావాస్క్రిప్ట్ రాసేవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. గూగుల్ చేసి, ఎవరో ఇచ్చిన ఒక లైను కమాండు అతికించి, ఎర్రక్షరాలు పోగానే టీకి లేస్తాం. నేనూ హైదరాబాదులో ఆ పని చేసే బతుకుతున్నాను. కానీ ఈ చిల్లర తగువు లోపల ఒక అసలైన ధర్మసందేహం ఉందని నాకు చాలా రోజులుగా అనిపిస్తోంది. ఒకే కప్పు కింద బతకాల్సిన ఇద్దరికి ఒకే వస్తువు రెండు రకాలుగా కావాల్సి వస్తే ఏం చేయాలి? ఎవరిది వాళ్ళకి ఇచ్చేయాలా, ఒకరిని సర్దుకోమనాలా? సర్దుకోమంటే ఎవర్ని? ఆ మాట చెప్పే హక్కు ఎవరిచ్చారు?

చాలా భాషల్లో ఈ ప్రశ్నే పుట్టదు. పైథాన్‌లోనో రూబీలోనో ఒక ప్రోగ్రాములో ఒక లైబ్రరీ ఒకే వెర్షన్ ఉంటుంది. కుదిరితే కుదిరింది, లేకపోతే "కుదరదు" అని చెప్పి ఆగిపోతుంది. 2010లో వచ్చిన ఎన్‌పీఎమ్ మాత్రం ఉదారంగా ఆలోచించింది. ఎవరి కాపురం వాళ్ళది, ఎవరి పొయ్యి వాళ్ళది. ప్రతి ప్యాకేజీకీ లోపల సొంతంగా ఒక నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరు, అందులో దానికి కావాల్సినవి, వాటి కడుపులో మళ్ళీ వాటి ఫోల్డర్లు. గ్రాఫుల ఇంట్లో ఒకటో వెర్షన్, తేదీల ఇంట్లో రెండో వెర్షన్. ఒకరి గిన్నెలు ఒకరు ముట్టుకోరు. తగువు తీర్చడం కాదిది, తగువుకి చోటే లేకుండా చేయడం.

అయితే ఇళ్ళు ఎక్కువైపోయాయి. గదిలో గది, దానిలో ఇంకో గది. విండోస్‌లో ఫైలు దారి 260 అక్షరాలు దాటితే చాలా ప్రోగ్రాములు చేతులెత్తేసేవి. ఒకే ప్యాకేజీ, ఒకే వెర్షన్, నలభై చోట్ల నలభై కాపీలు. దాంతో 2015లో వచ్చిన ఎన్‌పీఎమ్ మూడో వెర్షన్ పద్ధతి మార్చింది. వీలైనంతవరకు అన్నిటినీ పై అంతస్తులో ఒకే వరసలో పెడుతుంది. దీన్ని హోయిస్టింగ్ అంటారు, పైకెక్కించడం. పైన ఒక పేరుకి ఒకే కుర్చీ ఉంటుంది కాబట్టి, గొడవ వచ్చినప్పుడు ఒక వెర్షన్ పైన కూర్చుంటుంది, రెండోది అడిగినవాళ్ళ ఇంటి లోపలికి వెళ్తుంది.

ఏది పైకెక్కుతుంది? మంచిదా, కొత్తదా, ఎక్కువమంది అడిగినదా? ఇవేవీ కాదు. ముందు వచ్చినది. ఎన్‌పీఎమ్ మూడులో ప్యాకేజీలు అక్షరక్రమంలో ఎక్కేవి. 'ఏ' తో మొదలయ్యే ప్యాకేజీ అడిగిన వెర్షన్ పైన కూర్చునేది, 'జెడ్' తో మొదలయ్యేది అడిగిన వెర్షన్ లోపల దాక్కునేది. ఇంకో విచిత్రం ఉంది. రెండో వెర్షన్ కావాల్సినవాళ్ళు నలుగురున్నా, ఆ నలుగురూ ఒకటి పంచుకోలేరు. పైన కుర్చీ నిండిపోయింది కాబట్టి ఎవరింట్లో వాళ్ళు విడిగా ఒక్కో కాపీ పెట్టుకోవాల్సిందే. పైనున్నది అందరిదీ అవుతుంది. లోపలున్నవి ఒకటే అయినా ఒకదానికొకటి తెలియవు.

ఇది చదివినప్పుడు నాకు కంప్యూటర్లు గుర్తు రాలేదు. మన తెలుగు గుర్తొచ్చింది.

మాది ఉప్పాడ. కాకినాడ నుంచి సముద్రం పక్కగా వచ్చే రోడ్డు మీద, ఆ రోడ్డు తుఫానుకి కోసుకుపోకుండా ఉన్న రోజుల్లో, గంటలోపు వచ్చేస్తాం. చిన్నప్పుడు బళ్ళో పాఠ్యపుస్తకం తెరిస్తే అందులో భాష దాదాపు మా మేష్టారు మాట్లాడే భాషే. దాదాపే. మా వాడలో వినపడే మాటలు అందులో ఉండేవి కావు. అయినా నాకెప్పుడూ ఆ పుస్తకం పరాయిగా అనిపించలేదు. హైదరాబాదు వచ్చాక నా పక్క సీట్లో కరీంనగర్ నుంచి వచ్చిన స్నేహితురాలు "మీకు తెలుగు రాయడమంటే మాట్లాడినట్టు రాయడం, మాకు తెలుగు రాయడమంటే ముందు తర్జుమా చేసుకోవడం" అంది. కృష్ణా, గుంటూరు, ఉభయ గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ళ మాట ప్రమాణం అయింది. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, సినిమాలు ఆ మాటలో ముందు వచ్చాయి, కుర్చీ నిండిపోయింది. తర్వాత వచ్చిన ప్రతి తెలుగూ మాండలికం అయింది. కరీంనగర్‌ది ఒక మాండలికం, పాలమూరుది ఒక మాండలికం, అనంతపురానిది ఒకటి, శ్రీకాకుళానిది ఒకటి. వీటి మధ్య పోలికలు ఎన్నున్నా ఎవరి ఫోల్డరులో వాళ్ళు.

ప్రమాణ భాష వచ్చింది కేవలం వరస వల్లే అనడం లేదు. పత్రిక పెట్టడానికి డబ్బుండాలి, బడి పెట్టడానికి ప్రభుత్వం ఉండాలి, ఆ డబ్బూ ఆ బళ్ళూ డెల్టాలో ఆనకట్టల వెనక వచ్చాయి. కానీ ముందు రావడం అనే ఒక్క సంగతి కాలం గడిచేకొద్దీ యోగ్యతలాగా కనిపించడం మొదలెడుతుంది. పైనున్నది పైనుండాల్సినదే అనిపిస్తుంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ గిడుగు రామమూర్తి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినం చేసుకుంటుంది. తెలంగాణ కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినం చేసుకుంటుంది. పదకొండు రోజుల తేడాతో ఒక భాషకి రెండు పండగలు. దీన్ని చూసి బాధపడేవాళ్ళు ఉన్నారు. నాకైతే బాధ లేదు. ఒక చెట్టులో రెండు వెర్షన్లు ఉండొచ్చు. (గిడుగు శ్రీకాకుళం వైపు ఆయన, డెల్టా మనిషి కాదు. ఆయన వాడుకభాష అన్నప్పుడు అది ఎవరి వాడుకో ఆయనకి మనకంటే బాగా తెలిసి ఉంటుంది.)

ఇంకో పద్ధతి కూడా ఉంది, దాన్ని తలుచుకుంటే నాకు సరదాగా ఉంటుంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తిపదకోశం పని మొదలుపెట్టి, 1962లో వ్యవసాయ పదాలవి, 1971లో చేనేత పదాలవి సంపుటాలు తెచ్చారు. ఒకే పనిముట్టుకి ఏ ప్రాంతంలో ఏ మాటో పక్కపక్కన రాసుకుంటూ పోయారు. ఏదీ పైకెక్కించలేదు. ఎక్కడిది అని మాత్రం రాశారు. ఇప్పటి పీఎన్‌పీఎమ్ అనే పరికరం చేసేది ఇంచుమించు ఇదే. డిస్కులో ప్రతి వెర్షన్‌కీ ఒక్కో ప్రతి ఉంచి, ఎవరు ఏది అడిగారో వాళ్ళకి దానికే దారి చూపిస్తుంది. పైనుంది కదా అని అడగనిది వాడుకోవడం కుదరదు.

అయితే అందరినీ ఉండనివ్వడమే ఉత్తమం అని ఇక్కడితో ముగించేయొచ్చా? కుదరదు. వేరు కాపురాల ఖర్చు ఎవరో ఒకరు కడతారు. సర్వరు మీద అయితే రెండు వెర్షన్లు ఉంటే డిస్కులో కొంత చోటు పోతుంది, అంతే. బ్రౌజరులో అలా కాదు. వెబ్‌ప్యాక్ లాంటి బండ్లరు రెండు వెర్షన్లనీ మూటకట్టి పేజీతోపాటు పంపేస్తుంది. మాధాపూర్‌లో మా ఆఫీసు వైఫైలో అది తెలీదు. ఉప్పాడ ఒడ్డున నెట్‌వర్కు ఒక గీత మీద ఊగుతుంటే, పాత ఫోనులో చేపల ధర చూసుకునేవాళ్ళకి తెలుస్తుంది. మనం గొడవపడకుండా మర్యాదగా తప్పుకున్న ఖర్చు వాళ్ళ డేటాలోంచి పోతుంది. వాళ్ళని ఎవరూ అడగలేదు. సముద్రానికి గోడ కడితే గోడ ఉన్నంతమేరా కోత ఆగి, గోడ అయిపోయిన చోట ఎక్కువవుతుందని మా ఊళ్ళో ప్రతివాళ్ళకీ తెలుసు.

ఇక కొన్ని వస్తువులు రెండు ఉండటానికే వీల్లేనివి. రియాక్ట్ దీనికి మంచి ఉదాహరణ. ఒక పేజీలో రెండు రియాక్ట్ కాపీలు పడితే "హుక్ పిలుపు చెల్లదు" అని ఆగిపోతుంది. గమ్మత్తు ఏంటంటే ఆ రెండూ వేర్వేరు వెర్షన్లు కానక్కర్లేదు. అక్షరం తేడా లేని ఒకే వెర్షన్ రెండు ఫోల్డర్లలో ఉన్నా చాలు. ఎందుకంటే నోడ్ ఒక మాడ్యూల్‌ని గుర్తుపట్టేది దానిలో ఏముందో చూసి కాదు, అది ఏ ఫైలు దారిలో ఉందో చూసి. ఒకే కోడు, రెండు అడ్రసులు, కాబట్టి రెండు మాడ్యూళ్ళు. ఒకదాని జ్ఞాపకం ఇంకోదానికి ఉండదు.

తత్వశాస్త్రం చదివినవాళ్ళకి ఇది పాత చుట్టమే. అన్ని గుణాల్లోనూ ఒకటే అయిన రెండు వస్తువులు నిజానికి ఒకటే అని లైబ్నిజ్ అన్నాడు. 1952లో మాక్స్ బ్లాక్ దాన్ని ఎదిరిస్తూ ఒక ఊహ చెప్పాడు. విశ్వంలో ఇంకేమీ లేవు, అన్ని విధాలా ఒకేలా ఉన్న రెండు ఇనప గోళాలు తప్ప. అవి ఒకటా రెండా? రెండే అని మన మనసు చెబుతుంది, తేడా ఏంటో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. మన వైశేషికులు అంతకుముందు ఎప్పుడో ఇదే చిక్కులో పడి, ఒకే జాతి పరమాణువుల్ని విడదీసేందుకు 'విశేషం' అనే పదార్థాన్నే ఒప్పుకున్నారు. దర్శనానికి పేరే దాన్నించి వచ్చింది. నోడ్ అంత దూరం పోలేదు, ఫైలు దారితో సరిపెట్టుకుంది. కానీ మనకి ఇక్కడ కావాల్సిన సంగతి ఒకటే. పక్కపక్కన ఉండి ఒకరి పని ఒకరికి అవసరం లేనంతవరకు రెండు ఉంటే నష్టం లేదు. ఒకే జ్ఞాపకాన్ని, ఒకే స్థితిని పంచుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒకటే ఉండాలి, అప్పుడు ఎవరో ఒకరు తగ్గాలి. తగ్గడంలో అన్యాయం లేదు. తగ్గేవాళ్ళని అడగకపోవడంలో, తగ్గించిన గుర్తు కూడా మిగల్చకపోవడంలో ఉంది.

ఇది మా ఊరి మగ్గం మీద పెట్టి చూస్తాను.

ఉప్పాడ అంటే బయటివాళ్ళకి జాంధానీ చీర. ఆ పేరు మా ఊరిది కాదు, ఆ నేతకి అసలు పేరున్న ఊరు ఢాకా. ఉప్పాడలో అది ఎప్పటిది అంటే రెండు మాటలు వినిపిస్తాయి. పిఠాపురం సంస్థానం ఆదరణ నాటి నుంచీ ఉందని ఒక మాట. 1980ల చివర డిజైనర్ ఘనశ్యామ్ సరోదే వచ్చి మా నేతగాళ్ళతో చేయించాకే వచ్చిందని ఇంకో మాట. మా ఇంట్లోనే ఈ రెండూ ఉన్నాయి, మా నాన్న ఒకటి చెబుతారు, మా పెదనాన్న ఇంకోటి. ఇంతవరకు ఎవరూ ఎవర్నీ ఒప్పించలేదు, భోజనాలు ఆగలేదు.

2009లో 'ఉప్పాడ జాంధానీ' కి మన దేశంలో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్ వచ్చింది. బంగ్లాదేశ్‌లో గగ్గోలు పుట్టింది. జాంధానీ మాది, పేరు వాళ్ళు రాయించుకున్నారు అని. న్యాయంగా చూస్తే వాళ్ళ కోపంలో అర్థముంది. అప్పటికి వాళ్ళకి జీఐ చట్టమే లేదు, 2013లో చేసుకున్నారు. అదే ఏడు ఢాకా జాంధానీ నేతని యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. 2016లో బంగ్లాదేశ్ తన మొట్టమొదటి జీఐ ట్యాగ్‌ని జాంధానీకే ఇచ్చుకుంది. ఇప్పుడు రెండూ ఉన్నాయి. ముందు ఊరి పేరు పెట్టుకుంటే సరిపోయింది. రసగుల్లాకీ ఇదే జరిగింది, 2017లో బెంగాల్‌ది బెంగాల్‌కి, 2019లో ఒడిశాది ఒడిశాకి. ఎన్‌పీఎమ్‌లో కూడా పేర్ల గొడవలు ఎక్కువయ్యాక స్కోపు అని ఒకటి తెచ్చారు, ప్యాకేజీ పేరుకి ముందు సంస్థ పేరు. ఇంటిపేరన్నమాట.

పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఇదంతా పెదనాన్నకి చెప్పాను. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకునే విన్నారు.

"ఢాకావోళ్ళది ఢాకావోళ్ళకి, మనది మనకి. ఆళ్ళు నేసింది మనవేవన్నా నేస్తున్నావా ఏటమ్మా? ఇందులో తగువేటుంది?" అన్నారు.

"మరి పేరు పెదనాన్నా?"

"పేరు కొట్టోడికి. నాకు ఈ పడుగు."

ఆ మాట ఆయన ఏదో పెద్ద విషయం చెప్పాలని అన్నది కాదు. పని మధ్యలో ఆపి మాట్లాడటం ఇష్టంలేక అన్నది. కానీ నాకు ఆ పడుగు దగ్గర చూపు ఆగింది. మామూలుగా వెనక నుంచి పోగులు వేలాడే బుటా నేతలో జరీ పోగు ఈ అంచు నుంచి ఆ అంచుకి పోతుంది. పువ్వు ఉన్నచోట పైకి కనిపిస్తుంది, లేనిచోట వెనకాల తేలుతుంది. తర్వాత కత్తిరించాలి. జాంధానీలో అలా ఉండదు. ఒక్కో బుటాకీ దాని చిన్న కండె దానికే. పువ్వు ఎంతవరకో పోగు అంతవరకే వెళ్ళి వెనక్కి తిరుగుతుంది. పక్క బుటాలో ఆకుపచ్చ, దీనిలో ఎరుపు, ఒకదాని పోగు ఒకదానిలోకి రాదు. అందుకే ఆ చీర తిరగేసినా అదే అందం. ఇది ఎన్‌పీఎమ్ మొదటి ఊహే, ఎవరి పోగు వాళ్ళది. కానీ అన్ని బుటాలకీ కింద పడుగు ఒక్కటే. పట్టు ఎక్కడో కర్ణాటకలో పుట్టి, జరీ సూరత్ నుంచి వచ్చి, చివరికి అన్నీ ఆ ఒక్క పడుగు మీదకే చేరాలి. పడుగు రెండు రకాల బిగువుతో ఉంటే ఏ బుటా నిలవదు. ఆ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు, ఇద్దరి చెయ్యీ ఒకే బరువుతో పడాలి. ఎవరి చెయ్యి బరువో వాళ్ళు తగ్గించుకుంటారు. ఎలా తెలుస్తుంది అని అడిగితే, "పక్కనోడు సెప్తాడు కదమ్మా" అన్నారు.

పక్కవాడు చెప్తాడు. ప్యాకేజీల లోకంలో లేనిది అదే.

ప్యాకేజీల్లో పడుగులాంటి వాటిని పీర్ డిపెండెన్సీ అంటారు. "నా వెంట నేను తెచ్చుకోను, మీ ఇంట్లో ఉన్నదే వాడుకుంటాను, కాకపోతే అది ఫలానా రకం అయ్యుండాలి" అని చుట్టం ముందే చెప్పి రావడం. ఎన్‌పీఎమ్ మూడు నుంచి ఆరు దాకా ఇది కుదరకపోతే ఒక పసుపు రంగు హెచ్చరిక వచ్చేది, అంతే. ఐదేళ్ళపాటు మనం దాన్ని చూడకుండా పైకి జరిపేయడం నేర్చుకున్నాం. 2020లో ఏడో వెర్షన్ వచ్చి, కుదరకపోతే ఇన్‌స్టాల్ చేయను అని భీష్మించింది. అప్పటిదాకా పనిచేసిన ప్రాజెక్టులు ఒక్క పూటలో ఆగిపోయాయి. జనం ఏం చేశారు? లెగసీ పీర్ డెప్స్ అనే ఒక మాట కమాండు చివర చేర్చారు. దానర్థం, పాతకాలంలోలాగే చూసీ చూడనట్టు ఉండు అని. తగువు తీరలేదు, తగువు గురించి చెప్పేవాడి నోరు మూతపడింది.

దానికంటే గట్టిది ఓవర్‌రైడ్స్. ప్యాకేజీ డాట్ జేసన్ ఫైలులో నాలుగు లైన్లు రాస్తే చాలు, ఎవరు ఏ వెర్షన్ అడిగినా, ఎంత లోతులో అడిగినా, మనం చెప్పిందే అందరికీ. యార్న్‌లో ముందునుంచీ రెజల్యూషన్స్ అనే పేరుతో ఉంది. ఎన్‌పీఎమ్‌లోకి ఎనిమిదో వెర్షన్‌లో వచ్చింది.

మా ఆఫీసులో ఇది వాడాల్సి వచ్చింది. మేం కోరుకున్న ప్యాకేజీలు నలభై చిల్లర, వాటి వెంట వచ్చినవి పన్నెండొందల పైన. అందులో ఐదో వరసలో ఉన్న ఒకదానిలో భద్రతాలోపం ఉందని ఆడిట్ రిపోర్టు వచ్చింది. లోపం సరిచేసింది దాని రెండో వెర్షన్‌లో. కానీ దాన్ని వాడుకుంటున్న ప్యాకేజీ "నాకు ఒకటే" అని రాసుకుని ఉంది, దాన్ని రాసినతను మూడేళ్ళుగా అలికిడి లేడు. రిలీజుకి రెండు రోజులు. మా లీడు ఓవర్‌రైడ్ పెట్టేద్దాం అన్నాడు. కొత్తగా చేరిన అబ్బాయి ఒకడు, "రాసినాయన ఒకటి అన్నాడు కదన్నా, మనం రెండు ఎట్ల పెడ్తం?" అని అడిగాడు. "ఆయన్ని అడగడానికి ఆయనేడీ?" అన్నాడు లీడు. టెస్టులు నడిచాయి, రిలీజు అయింది. ఏమీ విరగలేదు. ఈ కథలో ప్రమాదం ఏదో వస్తుందని ఎదురుచూసేవాళ్ళకి నిరాశే.

ఏమీ విరగలేదు కాబట్టే ఆ అబ్బాయి ప్రశ్న నాకు మిగిలిపోయింది. విరిగి ఉంటే జవాబు సులువు, చూశావా అడగకుండా చేస్తే ఇలాగే అవుతుంది అనేవాళ్ళం. ఫలితం బాగున్నా అలా చేయడం సరేనా అన్నదే కదా అసలు నైతిక ప్రశ్న.

ఆ రచయిత "ఒకటి" అని రాసినప్పుడు ఏం చెప్పినట్టు? దీనికి రెండు అర్థాలున్నాయి. ఒకటి: నేను ఒకటో వెర్షన్‌తో పరీక్షించాను, దానికి నేను పూచీ. రెండు: రెండో వెర్షన్ పెడితే విరుగుతుంది, వద్దు. చాలాసార్లు అతను రాసేనాటికి రెండో వెర్షన్ పుట్టనే లేదు. లేనిదాన్ని వద్దనడం ఎలా కుదురుతుంది? టామ్ ప్రెస్టన్-వెర్నర్ రాసిన సెమాంటిక్ వెర్షనింగ్ ఒప్పందం ప్రకారం మొదటి అంకె మారిందంటే పాతవాళ్ళకి ఏదో ఒకటి విరగొచ్చని అర్థం, కాబట్టి జాగ్రత్తగా గీత గీశాడు. 'తెలియదు' అనడానికి ఆ ఫైలులో వేరే గుర్తు లేదు, కాబట్టి తెలియదు కూడా 'కాదు' లాగే రాయబడుతుంది. అతను వద్దనలేదు. చూడలేదు.

అందుకే ఓవర్‌రైడ్‌ని నేను దౌర్జన్యం అనను. మా లీడు చేసింది తప్పని కూడా అనుకోను, లోపం ఉన్న కోడుని జనం మీదకి వదిలేయడం అంతకంటే నీతి అని ఎలా అంటాం? కానీ అతని మాటని చెరిపేసి మన మాట రాశాక, అంతవరకు అతనిదైన పూచీ మనకి వచ్చింది. పరీక్షించాల్సింది మనం. ఆ లోపలి ప్యాకేజీ ఏం చేస్తుందో చదవాల్సింది మనం. టెస్టులు నడిచాయి అంటే మన టెస్టులు నడిచాయి, అతనివి కాదు. ఈ సంగతి ఎవరూ అనుకోరు. వెర్షన్ మార్చుకునే అధికారం మనది, విరిగితే మాత్రం ఆ ఓపెన్ సోర్స్ వాడిది అనుకోవడం మా పరిశ్రమలో మామూలు.

ఆ ఓపెన్ సోర్స్ వాడు ఎవరో మనకి తెలిసేది ఏదో ఒకటి కూలినప్పుడే. 2016 మార్చి 22న అజెర్ కొచులు అనే ప్రోగ్రామరు, ఒక ప్యాకేజీ పేరు విషయంలో తన మాట కాదని ఒక కంపెనీకి ఇచ్చేసినందుకు తన ప్యాకేజీలన్నీ, 250కి పైగా, వెనక్కి తీసేసుకున్నాడు. వాటిలో లెఫ్ట్-ప్యాడ్ అనేది ఒకటి, 11 లైన్లు. ప్రపంచంలో ఎక్కడెక్కడో బిల్డులు ఆగిపోయాయి, దాన్ని ఎన్‌పీఎమ్ వాళ్ళే తిరిగి పెట్టాల్సి వచ్చింది. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీని డొమినిక్ టార్, ఇక తనకి దాని అవసరం లేక, నడుపుతానని అడిగిన ఒక అపరిచితుడికి అప్పగించాడు. ఆ వచ్చినవాడు దాని లోపల ఇంకో చిన్న ప్యాకేజీ తగిలించాడు, అది బిట్‌కాయిన్ పర్సులు దోచేందుకు రాసింది. జనం టార్‌ని తిట్టారు. డబ్బులిచ్చింది ఎవరూ లేరు, సాయం చేసింది ఎవరూ లేరు, వాడుకున్నది మాత్రం లక్షల మంది. పక్కవాడు చెప్పాలంటే ముందు పక్కన ఒకరు కూర్చుని ఉండాలి కదా.

మా ఓవర్‌రైడ్ దగ్గరికి వస్తే, దాన్ని ఎందుకు పెట్టామో ఆ లైను పక్కనే రాద్దామని చూశాను. కుదరలేదు. జేసన్ ఫైలులో కామెంటు రాయడానికి వీల్లేదు, ఆ ఫార్మాటే అలా చేశారు. ఏం చేయాలో చెప్పొచ్చు, ఎందుకు చేశామో చెప్పడానికి చోటు లేదు. రెండేళ్ళ తర్వాత ఆ ఫైలు తెరిచే మనిషికి అక్కడ నాలుగు లైన్ల ఆజ్ఞ కనిపిస్తుంది. కారణం పోయినా ఆజ్ఞ ఉంటుంది, తీసేయడానికి భయపడి ఉంచేస్తారు.

చివరికి ఆ అబ్బాయీ నేనూ కూర్చుని రీడ్‌మీ ఫైలులో ఒక పేరా రాశాం. ఏ ప్యాకేజీ, ఏ లోపం, ఎవరి మాట మార్చాం, ఏ తారీఖున, ఏం పరీక్షించాం, ఏం పరీక్షించలేదు. తర్వాత ఆ మూడేళ్ళ మౌని రిపాజిటరీలో ఒక ఇష్యూ తెరిచాం. మీ ప్యాకేజీని రెండో వెర్షన్‌తో నడిపాం, మా వాడకంలో పనిచేసింది, మీ టెస్టులు కూడా నడిపాం, రెండు విఫలమయ్యాయి, అవి ఇవి, సరిచేసి పంపమంటారా అని. ఇంగ్లీషులో ఆ వాక్యాలు ఎంత మర్యాదగా రాయాలో తేల్చుకోవడానికే అబ్బాయికి గంట పట్టింది. ఆయన బతికున్నాడో లేదో కూడా తెలీదు కదక్కా అన్నాడు. ఇంకా జవాబు రాలేదు. కింద ముగ్గురు బొటనవేలి గుర్తు పెట్టి వెళ్ళారు, వాళ్ళెవరో మాకు తెలీదు, వాళ్ళ ఫైళ్ళలోనూ అదే ఓవర్‌రైడ్ ఉండుంటుంది.